ఏడు ఫోటోలలో ఒక ఏడాది



మన సాంఘిక శాస్త్రంలో చరిత్రకు ఆధారాలు అనే మాట వస్తుంది. శాసనాలు, నాణేలు, కట్టడాలు మొదలైనవి. ఆ పాఠం చెప్పేటప్పుడు సారు ఒక ప్రశ్న వేశారు. "రాజుల సంగతి సరే. మీ సొంత జీవితంలో ఒక్క సంవత్సరం చరిత్ర వ్రాయాలంటే మీ దగ్గర ఏం ఆధారాలున్నయి?" అని. ఒకడు హాజరు పట్టిక అన్నాడు. ఒకడు మార్కుల కార్డు అన్నాడు. వెనుక బెంచీలో ఒకడు దవాఖాన చీటీ అంటే అందరం నవ్వినాము గాని, సారు అది కూడా ఆధారమే అన్నారు. నేను ఫోటోలు అన్నాను. "అయితే నువ్వే వ్రాసి గోడ పత్రికలో పెట్టు" అన్నారు. 2024 జూన్ నుండి 2025 మార్చి వరకు, అంటే నా తొమ్మిదవ తరగతి సంవత్సరం గూర్చి ఈ వ్యాసం.

ముందు లెక్క చెబుతాను. నా ట్రంకు పెట్టెలో, మా ఇంట్లో, మా మామ దగ్గర అంతా వెతికితే ఏడు ఫోటోలు దొరికినాయి. పట్నం పిల్లలు ఒక్క పూటలో ఏడు దిగుతారు. మనకు హాస్టల్లో ఫోను ఉండదు కాబట్టి మన ఫోటో ఎప్పుడూ ఇంకొకరు తీసేదే. ఈ సంగతి ముఖ్యం. ఆధారం చదివే ముందు దాన్ని ఎవరు తయారు చేశారు, ఎందుకు చేశారు అని అడగాలని సారు చెప్పారు గదా. శాసనం రాజు వేయించినది కనుక అందులో రాజు గొప్పే ఉంటుంది. ఫోటో కూడా కొంత అట్లాంటిదే. తీసినవాడికి ఏది కావాలో అది నడుమ ఉంటుంది.

ఫోటో పుట్టుక గూర్చి గ్రంథాలయం పుస్తకంలో చదివిన ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఫ్రాన్స్ దేశపు డాగేర్ కనిపెట్టిన పద్ధతిని 1839 ఆగస్టు 19న పారిస్‌లో లోకానికి వెల్లడి చేశారు. అందుకే ఆ తేదీన ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం జరుపుతారు. వెండి పూత పూసిన రాగి రేకు మీద వెలుతురు పడి బొమ్మ వచ్చేది. అంతకు ముందు ఏడు, 1838లో, ఆయన మేడ కిటికీ నుండి ఒక పారిస్ వీధిని తీశాడు. పట్టపగలు. వీధిలో బండ్లు, జనం తిరుగుతూనే ఉన్నారు. కాని బొమ్మలో వీధి ఖాళీ! ఎందుకంటే బొమ్మ పడడానికి నిమిషాల కొద్దీ పట్టేది. కదిలేవాళ్ళు ఎవరూ రేకు మీద నిలవలేదు. ఒక మూలన ఒకాయన బూటు తుడిపించుకుంటూ కాలు కదలకుండా నిలబడ్డాడు. ఆయన, ఆయన బూటు తుడిచేవాడు మసకగా పడ్డారు. ఇప్పటి ఫోనులో రెప్పపాటులో బొమ్మ పడుతుంది. అయినా పనిలో తిరిగేవాళ్ళు ఫోటోలో పడకపోవడం మాత్రం అట్లనే ఉన్నది. దీని గూర్చి చివర ఒక మనవి చేస్తాను.

ఇక నా ఫోటోలు. మొదటిది జూన్‌లో దిగిన పాస్‌పోర్టు సైజు ఫోటో. ఎనిమిది కాపీలు ఇచ్చారు. హాస్టల్ ఫారానికి, బ్యాంకు ఖాతాకు, బస్సు పాసుకు పోగా ఒక్కటి మిగిలింది. అందులో నేను నవ్వలేదు, స్టూడియో అన్న నవ్వొద్దన్నాడు. చొక్కా మా పెద్దన్నది. అంతే, ఇందులో చదవడానికి ఇంకేమీ లేదు. రెండవది ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం నాటిది. 1982లో ఆ తేదీన ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల విషయమై ఏర్పాటైన బృందం మొదటిసారి కూర్చున్నది. దాని గుర్తుగా ఈ దినోత్సవాన్ని 1994లో ప్రకటించారు. మా ఫోటోలో బ్యానరు అక్షరాలు ఒక్కొక్కటి చదవవచ్చును. మా ముఖాలు మాత్రం మసక.

మూడవదీ అయిదవదీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆగస్టు 15న జెండా దగ్గర మా తరగతి వరుస, జనవరి 26న అదే జెండా దగ్గర అదే వరుస. తీసింది కూడా ఒకే సారు. నేను తలలు లెక్కపెట్టినాను. ఆగస్టులో నలభై. జనవరిలో ముప్పై ఏడు. ఈ మూడు తలలు ఎక్కడ పోయినాయి? ఒకడు టీసీ తీసుకుని వేరే గురుకులంలో చేరినాడు. ఒకడు జ్వరంతో ఇంటికి పోయి ఉండె, ఫిబ్రవరిలో తిరిగి వచ్చినాడు. మూడవవాడు దసరా సెలవులకు పోయి పత్తి ఏరడానికి అమ్మానాన్నల వెంట నిలిచిపోయినాడు. వార్డెన్ సారు రెండుసార్లు వాళ్ళ గూడేనికి పోయి వచ్చారు. వాళ్ళ నాన్న "పత్తి అయిపోనీయండి సార్" అన్నాడట. పత్తి అయిపోయింది, శనగ కోత వచ్చింది. ఆగస్టు ఫోటోలో వాడు రెండో వరుసలో నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. జనవరి ఫోటోలో నా పక్కన ఖాళీ కూడా లేదు, వరుస దగ్గరికి జరిగింది. ఒక్క జనవరి ఫోటో మాత్రమే చూసినవాడు తరగతి నిండుగానే ఉన్నది అనుకుంటాడు. ఫోటోకు సంఖ్య తెలుసు, కారణం తెలియదు. కారణం మనం వ్రాసి పెట్టాలి.

నాలుగవది దీపావళి దండారి ఫోటో. మామ తన ఫోనులో చాలా తీసినాడు. తరువాత వాగు దాటుతుంటే ఫోను నీళ్ళల్లో పడింది, అన్నీ పోయినాయి. అంతకు ముందే మా అన్నకు వాట్సాప్‌లో పంపిన ఒక్కటి మిగిలింది. ఇక్కడ ఒక సాంకేతిక విషయం ఉన్నది. ఫోను తీసే ప్రతి ఫోటోలో తేదీ, సమయం లోపల వ్రాసి ఉంటాయి. అదే ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు జారిపోతాయి. అందినవాడి ఫోనులో ఫైలు పేరు మీద అందిన తేదీ కనబడుతుంది గాని తీసిన తేదీ కాదు. అది మూడు చేతులు మారి వస్తే తేదీ పూర్తిగా తప్పు.

మరి తేదీ లేని ఫోటోకు తేదీ ఎట్లా పట్టాలి? ఫోటోలోనే వెతకాలి. గుస్సాడీల వెనుక సోయా కుప్ప ఉన్నది, అంటే కోత అయిపోయింది. దూరాన జొన్న ఇంకా నిలబడి ఉన్నది. నీడలు పొడుగు, కాబట్టి ఉదయమో సాయంత్రమో. పక్క ఊరి దండారి మా ఊరికి వచ్చిన రోజు అది అని అమ్మ చెప్పింది. ఇవన్నీ కలిపితే 2024 నవంబరు మొదటి రోజులు అని తేలింది. ఆ యేడు దండారిలో పెద్దలు కనక రాజు గారిని తలుచుకున్నారు. మార్లవాయికి చెందిన ఆయనకు గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, దీపావళికి కొద్ది రోజుల ముందు కాలం చేసినారు. ఈ ఫోటో చూస్తే ఆ మాటలు వినబడవు. గుమేల, పర్ర మోత కూడా వినబడదు. నెమలి ఈకల టోపీలు, ఒంటి నిండా బూడిద, ముఖాలకు రంగు ఉండేసరికి తొమ్మిది మందిలో మా చిన్నాయన ఎవరో తెలియదు. నేను కాళ్ళు చూసి గుర్తు పట్టినాను. ఎడమ కాలి బొటనవేలికి గొడ్డలి గాటు ఉన్నది.

ఆరవది, ఏడవది ఒకే మనిషి గూర్చి. మా నాయినమ్మ.

2025 జనవరి చివర పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర. మెస్రం వంశంవారు జన్నారం దగ్గర హస్తినమడుగు దాకా నడిచి పోయి గోదావరి నీళ్ళు తెచ్చి పూజ చేస్తారని మనకు తెలిసిందే. జాతరలో ఫోటో తీసి అప్పుడే ప్రింటు ఇచ్చే డేరా ఒకటి ఉండె. వెనుక కోట బొమ్మ ఫ్లెక్సీ. అమ్మ, బాపు, చెల్లె, నేను కూర్చున్నాము. నాయినమ్మను రమ్మంటే "నాకెందుకు, మీరు దిగుండ్రి" అని మూట మీద పక్కకు కూర్చున్నది. తీసినాయన కొంచెం వెడల్పుగా తీసినాడు. కుడి అంచున ఫ్లెక్సీ బయట నాయినమ్మ సగం ముఖం పడ్డది.

మూడు వారాలకు నాయినమ్మ చనిపోయింది.

దినాల నాడు ఫోటోకు దండ వేయాలి. నాయినమ్మది ఇంట్లో ఆధార్ కార్డు ఫోటో ఒక్కటే ఉన్నది. బాపు దాన్ని మండల కేంద్రంలో ఒక స్టూడియోకు తీసుకుపోయి పెద్దగా చేయించినాడు. మరునాడు వచ్చిన ఫోటోలో ముఖం తెల్లగా ఉన్నది. పట్టు చీర కట్టి ఉన్నది. వెనుక జలపాతం దూకుతున్నది. నాయినమ్మ ఎప్పుడూ పట్టు చీర కట్టలేదు. అది పోనీ. నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు లేవు. కంప్యూటరులో వాటిని మచ్చలనుకొని తుడిచేసినారు. నాయినమ్మ చిన్నప్పుడు ఏడ్చుకుంటూ పొడిపించుకున్న పచ్చబొట్లు అవి. చచ్చినాక వెంట వచ్చే సొమ్ము ఇదొక్కటే అని మాకు చెబుతుండె. నాయినమ్మ తమ్ముడు ముసలాయన నడిచి వచ్చి, ఫోటో ముందు కూర్చొని, కండ్లు చిట్లించి చూసి, "గీమె ఎవరు?" అన్నడు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

బాపు మళ్ళీ స్టూడియోకు పోయినాడు. పచ్చబొట్టు తిరిగి పెడతామన్నారట గాని ఎక్కడెక్కడ ఎన్ని చుక్కలో వాళ్ళకేం తెలుసు? అప్పుడు జాతర ఫోటో గుర్తుకు వచ్చింది. అందులో సగం ముఖమే, గాని నుదుటి చుక్కలు మూడు స్పష్టంగా ఉన్నాయి. దాన్ని పెద్దగా చేయవచ్చునా అని సారును అడిగినాను. సారు తన ఫోనులో పెంచి చూపించారు. ఎంత పెంచితే అంత మసక. ఫోటో అనేది చిన్న చిన్న చుక్కల కూర్పు. పెద్దది చేస్తే చుక్కలు సాగుతాయే గాని లేని వివరం కొత్తగా పుట్టదు. కాబట్టి బాపు ఆమెను కత్తిరించకుండా, జాతర ఫోటో మొత్తం అట్లనే ఫ్రేము కట్టించినాడు. జలపాతం ఫోటోను పైసలు పెట్టినం గదా అని పెట్టెలో పెట్టినాడు. ఇప్పుడు మా ఇంటి గోడకు నలుగురం కూర్చున్న ఫోటో ఉన్నది. దండ మాత్రం అంచున ఉన్నామె వైపుకు వేలాడుతుంది.

ఈ సంగతి చెబితే సారు ఒక రోజు స్టడీ అవరులో కంప్యూటరు మీద హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు చూపించారు. ఆయన ఆస్ట్రియా దేశంవాడు. 1940లలో నిజాం ప్రభుత్వ కాలంలో మన గోండు గూడేలలో తిరిగి, భార్యతో మార్లవాయిలో ఉండి పుస్తకాలు వ్రాశాడు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉన్నది, ఆయన చితాభస్మం కూడా తరువాత అక్కడికే తెచ్చినారు. ఆయన ఫోటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. నలుపు తెలుపు ఫోటోలు. ఎవరి ముఖమూ ఎవరూ తుడవలేదు. కాని మేము చూసిన స్త్రీలలో ఒక్కరి పేరూ మాలో ఎవరికీ తెలియదు. ఏ ఇంటి అవ్వలో, ఎవరి ముత్తవ్వలో. నాయినమ్మ ఉంటే ఒకరినైనా పోల్చి చెప్పేది కావచ్చు. ముఖం మిగిలి పేరు పోవడం ఒక రకం, పేరు మిగిలి ముఖం పోవడం ఇంకొక రకం. మా ఇంట్లో రెండవది జరుగబోయి తప్పింది.

కావున నేను ఒక నోటుబుక్కు పెట్టినాను. ప్రతి ఫోటోకు ఒక నంబరు, ఆ నంబరు కింద తేదీ, ఊరు, ఎడమ నుండి కుడికి పేర్లు, తీసినవారెవరు, ఆ సమయంలో అక్కడే ఉండి ఫోటోలో లేనివారెవరు. ఈ చివరి గడికే ఎక్కువ చోటు వదిలినాను. ఫోటో వెనుక వ్రాయవచ్చు గదా అంటారేమో. ఇప్పటి స్టూడియో కాగితం వెనుక నున్నగా ఉంటుంది, పెన్సిలు పట్టదు. బాల్ పెన్నుతో నొక్కితే ముందు వైపు ముఖం మీద గీత తేలుతుంది. నోటుబుక్కే మేలు. వానాకాలంలో ఫోటోలు ఒకదాని మీద ఒకటి పెడితే అంటుకుంటాయి, నడుమ తెల్ల కాగితం పెట్టండి. ఫ్రేములో అద్దానికి ఆనించవద్దు, చెమ్మకు అతుక్కుంటే ఊడదు. పాతవాటిని లామినేషన్ చేయించవద్దు, ఒకసారి చేస్తే ఇక విప్పలేము. వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఉన్న ఫోటోలన్నీ ముసలివాళ్ళ ముందు పరిచి పేర్లు అడిగి వ్రాసుకోండి. నేను మా నాయినమ్మ తమ్ముడి దగ్గర కూర్చొని నుదుట ఎన్ని చుక్కలు, గడ్డాన ఎన్ని చుక్కలు అడిగి బొమ్మ గీసినాను. అది నోటుబుక్కులో ఏడవ నంబరు కింద ఉన్నది. చూడాలనుకునేవారు నన్ను అడగవచ్చు.

ఇక ముందు చెప్పిన మనవి. ఏప్రిల్‌లో మన గ్రూపు ఫోటో తీస్తారు. పోయిన సంవత్సరం గ్రూపు ఫోటో ఆఫీసు గదిలో గోడకు ఉన్నది, నేను లెక్కపెట్టి చూశాను. అందరు సార్లు ఉన్నారు, అటెండరు ఉన్నాడు, బంతి కూడా ఉన్నది. మనకు మూడు పూటలా వండి పెట్టే నలుగురు అక్కలలో ఒక్కరూ లేరు. ఫోటో పదకొండు గంటలకు తీసినారు, ఆ వేళకు వాళ్ళు పొయ్యి మీది అన్నం వార్చుతూ ఉంటారు. వార్డెన్ సారు దయచేసి ఈసారి ఫోటోను సాయంత్రం నాలుగున్నరకు, స్నాక్స్ పెట్టిన తరువాత పెట్టగలరు. ఆ వేళ ఎండ కూడా ముఖం మీద నేరుగా పడదు. వంటింటి అక్కలతో మేము మాట్లాడినాము. వస్తామన్నారు, ముందు రోజు చెబితే మంచి చీర కట్టుకొని వస్తామన్నారు.