రెండు పోర్టుల పొత్తు

చి. అమ్మడికి,

యూఎస్‌ఆర్‌పీ ఎక్స్‌310 రేడియోలో రెండు యాంటెన్నాల సిగ్నళ్లను వెయిట్లతో గుణించి కలిపే ఆర్‌ఎఫ్‌నాక్ బ్లాకు నువ్వే రాస్తానన్నావని తెలిసి సంతోషించాను. ఆ పని కంప్యూటర్‌కు వదలకుండా ఎఫ్‌పీజీఏలోనే చేయాలనుకోవడం సబబే. సెకనుకు 20 కోట్ల శాంపిళ్లు, ఒక్కోటి 32 బిట్లు (రియల్ 16, ఇమాజినరీ 16) అంటే చానెల్‌కు 6.4 గిగాబిట్లు. రెండు చానెళ్లకు 12.8. అది ఒక 10 గిగాబిట్ ఈథర్‌నెట్ లింకులో పట్టదు. లోపలే కలిపేస్తే 6.4 పంపితే చాలు.

గుణించడం, కూడటం నీకు ఒక పూట పని. చిక్కంతా ఆ సిగ్నళ్లు వచ్చే రెండు పోర్టులు ఒకదాని కోసం ఒకటి ఎలా ఆగాలన్న దగ్గరే. వెరిలాగ్ ముట్టుకునే ముందు ఆ షరతులు కాగితం మీద పెట్టు.

రెండు ఇన్‌పుట్ల టీవాలిడ్‌లూ (డేటా ఉందన్న సంకేతం), నీ అవుట్‌పుట్ అందుకునే బ్లాకు టీరెడీ (తీసుకోగలనన్న సంకేతం) కలిసొచ్చినప్పుడే శాంపిళ్లు తీసుకో. ఒక పోర్టు నుంచి ముందే లాగేస్తే జత తప్పుతుంది. నీ అవుట్‌పుట్ టీవాలిడ్ మాత్రం టీరెడీ కోసం కాచుకోకూడదు. అలా కాచుకుంటే, మీరు ముందంటే మీరు ముందని ఇద్దరు గుమ్మంలోనే నిలబడిపోయినట్టు అంతా ఆగిపోవచ్చు.

రేడియో ఎవరికోసమూ ఆగదు. నువ్వు ఆలస్యం చేస్తే బఫర్లు నిండి ఓవర్‌ఫ్లో వస్తుంది, శాంపిళ్లు పోతాయి. ఒక్క పోర్టులోనే పోయాయనుకో, బ్లాకు ఏమీ ఎరగనట్టు కలుపుకుంటూ పోతుంది. ఫేజ్ మాత్రం తప్పు. అందుకే బ్లాకు యామల్ ఫైల్‌లో పేలోడ్‌తో పాటు కాంటెక్స్ట్‌ను (హెడర్, టైమ్‌స్టాంపు) కూడా చేతికిచ్చే ఇంటర్‌ఫేస్ ఎంచుకో. టైమ్‌స్టాంపులు పోల్చు. పాత టైమ్‌స్టాంపు ఉన్న పోర్టు ప్యాకెట్లను, అది రెండోదాన్ని అందుకునేదాకా పారబోయి. బయటికెళ్లే హెడర్ ఏ పోర్టుదో కూడా ముందే తేల్చుకో.

బిట్ల లెక్కలో పిసినారితనం వద్దు. శాంపిల్‌లో ఒక 16 బిట్ల భాగాన్ని వెయిట్‌లో 16 బిట్ల భాగంతో గుణిస్తే 32. కాంప్లెక్స్ గుణకారం, రెండు పోర్టుల కూడిక కలిపి 34 దాకా పెరుగుతుంది. చివర్లో కింది బిట్లు ఊరికే కోసేస్తే సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గర లేని సిగ్నల్ మొలుస్తుంది. రౌండింగ్ చేసి, హద్దు దాటినదాన్ని హద్దు దగ్గరే ఆపు.

టెస్ట్‌బెంచ్‌లో రెండు పోర్టులకూ ఒకే ర్యాండమ్ డేటా ఇచ్చి, ఒక వెయిట్ సగం, రెండోది మైనస్ సగం పెట్టు. ఒక్కో పోర్టును ఇష్టమొచ్చినట్టు ఆపుతూ, ఒకదాన్ని ఆలస్యంగా మొదలుపెట్టి, మధ్యలో ఒక ప్యాకెట్ ఎగరగొట్టి చూడు. అవుట్‌పుట్ అంతా సున్నాలే రావాలి. ఒక్క శాంపిల్ పక్కకు జరిగినా రావు. బిట్‌స్ట్రీమ్ కట్టడానికి గంటలు పట్టొచ్చు, బోర్డు మీద లోపల జరిగేది కనిపించదు. కాబట్టి సున్నాలు వచ్చాకే ఆ పనికి కూర్చో.

కోడ్ తర్వాత చూద్దాం. ముందు ఆ షరతుల కాగితం పంపు.

మీ పెదనాన్న