ఏసీలో మంచు కడితే: చేయవలసినవి, చేయకూడనివి

ఏసీ లోపల మంచు గడ్డకట్టిన రోజే గదిలో ఉక్క ఎక్కువ. వినడానికి విడ్డూరంగా ఉన్నా జరిగేది అదే. ఇండోర్ యూనిట్‌లోని కాయిల్ మామూలుగా సున్నా డిగ్రీలకు పైనే ఉంటుంది. గదిలోని గాలి దాని మీదుగా పోతూ ఎప్పటికప్పుడు వేడి అందిస్తుంటుంది కాబట్టి అంతకంటే కిందికి దిగదు. ఫిల్టర్‌కు దుమ్ము పట్టి గాలి తగ్గినా, గ్యాస్ లీకై లోపల ఒత్తిడి పడిపోయినా కాయిల్ సున్నా దిగువకు జారుతుంది. అప్పుడు గాలిలోని తేమ నీరై కారిపోకుండా మంచై అతుక్కుంటుంది. ఆ మంచు గాలికి అడ్డుపడుతుంది, దాంతో మరింత మంచు పేరుకుంటుంది.

గాలి పలచబడటం, ఫ్లాప్ దగ్గర నీటి చుక్కలు, రాగి గొట్టం మీద తెల్లటి పొర దీని గుర్తులు. మంచు లేకుండా నీళ్లు మాత్రమే కారుతుంటే అది చాలావరకు డ్రెయిన్ పైపు మూసుకుపోయిన గొడవ, దాని సంగతి వేరు.

వెంటనే చేయవలసినవి

కూలింగ్ ఆపండి. చల్లదనం తగ్గిందని రిమోట్‌లో 24 నుంచి 16కి దించడం అందరూ చేసే పనే. దానివల్ల కంప్రెసర్ ఆగకుండా తిరిగి మంచు ఇంకా మందమవుతుంది. పైగా ఆవిరి కావలసిన గ్యాస్ ద్రవంగానే కంప్రెసర్‌లోకి వెనక్కి వెళ్తే దాని ప్రాణానికే ముప్పు.

రిమోట్‌లో ఫ్యాన్ మోడ్ పెట్టి వదిలేయండి. మంచు కరగడానికి రెండు మూడు గంటలు పట్టవచ్చు, మందంగా ఉంటే ఇంకా ఎక్కువే. బ్లోయర్ తిరగకపోతే, కాలిన వాసన వస్తే, వింత చప్పుడు చేస్తే మాత్రం ఫ్యాన్ మోడ్ కూడా వద్దు. ఎంసీబీ దించేయండి.

ఈలోగా యూనిట్ కింద ఏముందో చూడండి. మన ఇళ్లలో స్టెబిలైజర్‌ను ఏసీ పక్కనో, సరిగ్గా కిందనో బిగిస్తారు. మంచు ఒక్కసారిగా కరిగితే డ్రెయిన్ ట్రే పొంగి ఆ నీళ్లు దాని మీదే పడతాయి. అలాంటి అమరిక ఉంటే ఎంసీబీ దించి మంచును దానంతటదే కరగనివ్వడం మేలు. కింద బకెట్ పెట్టి మంచం, పరుపు పక్కకు జరపండి. తడిసిన స్విచ్ బోర్డును, స్టెబిలైజర్‌ను ఆరేదాకా ముట్టుకోవద్దు.

కరిగాక, కరెంటు ఆపి ముందు ప్యానెల్ ఎత్తి ఫిల్టర్లు తీయండి. మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. మండుటెండలో పెడితే ప్లాస్టిక్ జాలీ వంకరపోతుంది. వేసవిలో రెండు వారాలకోసారి ఈ పని చేస్తే సగం తలనొప్పి తప్పుతుంది. అగరుబత్తి పొగ, పోపు పొగ, పరుపు దూది నలక అన్నీ చేరేది ఆ జాలీలోకే.

పొరపాటున కూడా చేయకూడనివి

చాకు, స్క్రూడ్రైవర్, దువ్వెన, ఏదీ మంచులో గుచ్చకండి. ఆ మంచు కింద ఉన్నవి కాగితం లాంటి అల్యూమినియం రెక్కలు, వాటి మధ్య పలచటి రాగి గొట్టాలు. ఒక్క పోటుతో గొట్టం చిల్లుపడితే లోపలి గ్యాస్ పెద్ద ఒత్తిడితో బయటికి చిమ్ముతుంది. ద్రవంగా చర్మం మీద పడితే అక్కడి కణాలు గడ్డకట్టి గాయమవుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. వేడినీళ్లు పోయడం, హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని స్టూలెక్కడం కూడా వద్దు. నీళ్లు కారుతున్న చోట చేతిలో కరెంటు వస్తువు ఏమిటి?

గ్యాస్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32కి కొద్దిగా మండే స్వభావముంది. కొన్ని మోడళ్లలో ఉండే ఆర్-290 అంటే ప్రొపేన్, అది బాగా మండుతుంది. రెండూ గాలికంటే బరువైనవి, లీకైతే నేల దగ్గర చేరతాయి. మన ఇళ్లలో పిల్లలు, పెద్దవాళ్లు చాప వేసుకుని పడుకునేదీ అక్కడే. బుస్సుమనే చప్పుడు వినిపిస్తే కిటికీలు, తలుపులు తెరిచి అందరూ బయటికి రండి. గదిలోని స్విచ్‌లు వేయడం, ఆపడం, అగ్గిపుల్ల గీయడం వద్దు. కరెంటు ఆపాలంటే గది బయట ఉన్న మెయిన్ దగ్గర ఆపండి.

మెకానిక్ వచ్చాక

"గ్యాస్ అయిపోయిందండి, ఎక్కిస్తే సరి" అన్న మాటకు వెంటనే తలూపకండి. అది పెట్రోలు కాదు వాడేకొద్దీ ఖర్చయిపోవడానికి. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. దాన్ని పట్టుకోకుండా ఎక్కించిన గ్యాస్ మళ్లీ పోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉప్పుగాలి ఔట్‌డోర్ కాయిల్‌ను తినేయడం కూడా లీకులకు ఒక కారణం.

లీకు పరీక్షకు నైట్రోజనే వాడాలి. ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి పేలిపోతుంది. గొట్టంలో గ్యాస్ ఉండగా టార్చ్ వెలిగించి అతుకు వేయనివ్వకండి. మంటకు తగిలిన గ్యాస్ నుంచి విషవాయువులు పుడతాయి. అతుకు వేశాక వాక్యూమ్ పంపు పెట్టాలి, ఆ తర్వాత ఔట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద రాసి ఉన్న రకం గ్యాస్‌ను, అక్కడున్న బరువు ప్రకారం తూచి ఎక్కించాలి. పాత రకం ఆర్-22 గ్యాస్ మిషన్‌లో ఆర్-32 నింపితే ఒత్తిడి ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ పిల్లల్ని అక్కడికి రానివ్వకండి.

అపార్ట్‌మెంట్లలో ఔట్‌డోర్ యూనిట్ చాలాసార్లు బాల్కనీ అవతల, ఇనుప స్టాండు మీద వేలాడుతుంటుంది. వచ్చిన కుర్రాడు పిట్టగోడ దాటి సన్‌షేడ్ మీదికి దిగబోతే, నడుముకు బెల్టు, తాడు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వెనక్కి పిలవండి. ఆ రాత్రికి పంకా కిందే పడుకోండి.