ప్యాకెట్ తిప్పి చదువు

శ్రావణీ,

రాగి బిస్కెట్లు ఒంటికి మంచివేనా అని అడిగావు. ప్యాకెట్ ముందువైపు రాసేది కంపెనీ, వెనకవైపు రాయించేది చట్టం. అందుకని తిప్పి చదువు. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం దినుసులను బరువును బట్టి, ఎక్కువ పడినదాన్ని ముందు రాయాలి. మొదట మైదా, తర్వాత చక్కెర, పామాయిలు, నాలుగోచోట రాగిపిండి కనిపిస్తే అది రాగులు తగిలించిన మైదా బిస్కెట్టే. పేరులో గొప్పగా చెప్పుకున్న దినుసు ఎంత శాతం పడిందో కూడా రాయాలి, చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతుక్కో. చక్కెరతో ఇంకో తంటా ఉంది. చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ అని విడగొట్టి రాస్తే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారుతుంది. మూడూ కలిపి చూసుకోవాలి.

పోషకాల పట్టికలో 100 గ్రాముల లెక్కే చూడు. ‘ఒక సర్వింగ్’ అంటే రెండు బిస్కెట్లో గుప్పెడు చిప్సో, అంతటితో ఆపేవాళ్లు ఎందరు? 100 గ్రాముల మిక్చర్‌లో సోడియం 800 మిల్లీగ్రాములు ఉందనుకో. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క తేలుతుంది, అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పప్పులో, కూరలో పడే ఉప్పు ఇంకా లెక్కలోకి రానేలేదు. (ఆవకాయ సంగతి ఎత్తకపోవడమే మేలు.) ‘ట్రాన్స్ ఫ్యాట్ లేదు’ అన్న ముద్ర చూసి మురిసిపోకు. 2022 నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని నిబంధనే ఉంది. పామాయిలులో దాదాపు సగం సాచురేటెడ్ కొవ్వే, ఆ అంకె ఎంతో చూడు.

ఇంట్లో జంతికలూ నూనెలో వేగినవే కదా అంటావేమో. నిజమే, ఇంట్లో చేసినంత మాత్రాన నూనె తగ్గదు. ప్యాకెట్ అయినంత మాత్రాన చెడ్డదీ కాదు, వెనక జాబితాలో వేయించిన శనగలు, కాస్త ఉప్పు మాత్రమే ఉంటే నిక్షేపంగా కొనుక్కో. అయితే జంతికలను ఎవరూ ఆరోగ్యమని చెప్పి పెట్టరు. రాగి బిస్కెట్లే కదా అని ధీమాగా ఇంకో నాలుగు లాగిస్తాం, నష్టమంతా అక్కడే. ఇంత చిన్న అక్షరాలు అందరూ చదవగలరా అన్నది మాత్రం గట్టి ప్రశ్నే. చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, సాచురేటెడ్ కొవ్వు, కేలరీలు హద్దు మీరితే ప్యాకెట్ ముందే నల్లని ఎనిమిది మూలల ముద్ర వేయాలి. కొనేవాళ్ల మీద భారం వేయకుండా ఉండాలంటే అదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. ఎప్పుడో ప్రయాణంలో తినే ప్యాకెట్‌కి ఇంత తతంగం వద్దు, రుచి కోసం తిను. రోజూ కాలేజీ నుంచి రాగానే చేతికి తీసుకునేది ఏదో చూసి, ముందు దానికి ఈ లెక్కలు వేయి.

ఇట్లు,
మీ పెదనాన్న