కాస్పరు భేరీదళము

అమెరికాలోని వయోమింగు రాష్ట్రమున కాస్పరను చిన్న పట్టణము కలదు. 1960 జనగణనలో అచటి జనసంఖ్య 40,000కు లోపే. 1865లో అచటి వంతెన చెంత స్థానిక తెగలవారితో జరిగిన పోరున మడిసిన కాస్పర్ కాలిన్సను యువసేనాని పేరే ఊరికి వచ్చినది. ఆంగ్లమున వ్రాయుచు నెవరో ఒక యక్షరమును తప్పిరి. ఆ తప్పే స్థిరపడినది!

1957లో జిమ్ జోన్సను పౌరుడు ఊరి పిల్లలను చేర్చి 'ట్రూపర్సు' అను భేరీ బాకా దళమును నెలకొల్పెను. ట్రూపరనగా ఆశ్వికుడు. కాలిన్సు కొలువుచేసిన ఒహాయో ఆశ్వికదళపు నీలి యుడుపులే వీరి యుడుపులు.

పూర్వపు బాకాకు మీటలు లేవు. పెదవుల బిగువుచేతనే స్వరములు పలికింపవలెను, అవియు కొలదియే. పిదప మీటలు చేరినవి. అయినను ఊదుచు, అడుగు తప్పక నడచుచు, సూర్యకిరణములవలె విచ్చుకొను వ్యూహమును తీర్చుట సామాన్యమా? ఈ వ్యూహమే వీరి గుర్తు. మహానగరముల దళములను సైతము వీరు ఓడించిరి. 1972లో మొదలైన డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పోటీల స్థాపక దళములలో ఇదియు నొకటి.

కాని వేసవి యంతయు బస్సులలో వేల మైళ్లు తిరుగుటకు ధనము కావలెను. ఆర్థికపు చిక్కులచే 2006లో దళము పోటీలు మానుకొనెను. అట్లు ఆగిన దళములు పెక్కు మరల లేవలేదు. ఇది లేచినది. మరుసటి వేసవికే బాకాలు మ్రోగినవి. 2009లో, 1986 తరువాత మొదటిసారిగా, ట్రూపర్సు తుదిపోటీలో నిలిచిరి.