మీ పేరున ఓ నలుగురు

చెల్లెళ్లూ, ఒకసారి మీ ఫోన్ తీసి అందులోని పేర్లు చూడండి. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, పిల్లల స్కూలు, గ్యాసు, పాలు, డాక్టరు, వీళ్లందర్నీ పక్కన పెట్టండి. మీవారి స్నేహితుల్ని, వాళ్ల భార్యల్ని కూడా కాసేపు పక్కన పెట్టండి. ఇక మిగిలినవాళ్లెవరు? మీ చదువు వల్లో, మీ పని వల్లో, మీ మాటతీరు వల్లో పరిచయమై, మిమ్మల్ని ఫలానావారి భార్యగానో ఫలానా బాబు వాళ్లమ్మగానో కాక, మీ పేరుతో గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎంతమంది?

మనలో చాలామందికి ఆ జాబితా చాలా చిన్నది. అందులో మన తప్పేమీ లేదు. ఆడపిల్ల జీవితంలో పరిచయాలు తెగిపోయే మలుపులు ఎక్కువ. పెళ్లయితే ఊరు మారుతుంది. చాలామందికి ఇంటిపేరు మారుతుంది, దాంతో పాత కొలీగు ఎవరైనా వెతికినా దొరకం. ఆయనకి ట్రాన్స్‌ఫరైతే మనం రాజీనామా పెడతాం. మొదటి కాన్పుతో ఉద్యోగం ఆగుతుంది, అయిదారేళ్లకి మళ్లీ వెళ్దామనుకునేసరికి అడగడానికి ఎవరూ ఉండరు. మగవాళ్లకి ఆఫీసు అయ్యాక టీ కొట్టు ఉంటుంది, ఆదివారం క్రికెట్ ఉంటుంది. ఉద్యోగాల కబుర్లు, కాంట్రాక్టుల కబుర్లు సగం అక్కడే చేతులు మారతాయి. ఆ వేళకి మనం కుక్కర్ పెట్టాలని బస్సు కోసం పరిగెడుతుంటాం.

ఈ కబుర్ల సంగతి తేలికగా తీసుకోకండి. 1973లో మార్క్ గ్రానోవెట్టర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశారు. బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించుకున్న మగవాళ్లని ఆయన ఒక ప్రశ్న అడిగారు: ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తుండేవారు అని. తరచూ కలిసేవాళ్లం అన్నవాళ్లు నూటికి 17 మంది కూడా లేరు. మిగతా అందరికీ ఆ కబురు అప్పుడప్పుడు కలిసేవాళ్ల నుంచి, ఏడాదికోసారో, అంతకన్నా తక్కువో కనిపించేవాళ్ల నుంచి వచ్చింది. ఆలోచిస్తే సబబే. మన అక్కచెల్లెళ్లకి, పక్కింటి వదినకి తెలిసినవి మనకీ తెలుసు. కొత్త కబురు మనం తిరగని చోట తిరిగే మనిషి దగ్గరే ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా వాడకందారులపై చేసి 2022లో వెలువరించిన పరిశోధన కూడా ఇంచుమించు ఇదే తేల్చింది. ఉద్యోగానికి ఎక్కువ అక్కరకొచ్చేవాళ్లు మరీ దగ్గరివాళ్లూ కాదు, ముక్కూ మొహం తెలియనివాళ్లూ కాదు, మధ్యరకంవాళ్లు. అంటే మనం పెళ్లితో, కాన్పుతో, ట్రాన్స్‌ఫర్‌తో ముందుగా పోగొట్టుకునేది సరిగ్గా ఆ మధ్యరకం మనుషుల్నే. అమ్మ ఎక్కడికీ పోదు, ప్రాణస్నేహితురాలూ ఎలాగో ఉంటుంది. పాత ఆఫీసులో పక్క సెక్షన్‌లో పనిచేసిన విజయగారే కనుమరుగైపోతారు.

మరి పరిచయాన్ని బంధంగా నిలుపుకోవడం ఎలాగని నన్నడిగితే, పెద్ద పెద్ద హోటళ్లలో జరిగే సమావేశాల వైపు చూపించను. మన పల్లెల్లోని పొదుపు సంఘాల వైపు చూపిస్తాను. పదిమందో పన్నెండుమందో ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటారు. తలా కొంత పొదుపు కడతారు, అందరి ఎదుటా పుస్తకంలో రాస్తారు. అప్పు కావలసినవాళ్లు అప్పు అడుగుతారు. తాకట్టు పెట్టడానికి బంగారం లేని మనిషికి ఆ సంఘమే పూచీ. ఇందులో నాకు గొప్పగా తోచేదేమిటంటే, అవసరం ఉన్నా లేకపోయినా వాళ్లు కలుస్తారు. ఈ వారం నాకేమీ పనిలేదని ఎవరూ మానరు. అలా ఏళ్లతరబడి కలిసినవాళ్ల మధ్య, పిల్ల పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో ఒకరోజు చేయి చాపడం చిన్నతనమనిపించదు. ఆ సంఘాలు గ్రామ సమాఖ్యలయ్యాయి, మండల సమాఖ్యలయ్యాయి, జిల్లా సమాఖ్యలయ్యాయి. గడప దాటడానికి జంకిన ఆడవాళ్లే బీహార్ దాకా వెళ్లి, భాష రాకపోయినా అక్కడి అక్కచెల్లెళ్లకి సంఘం నడపడం నేర్పి వచ్చారు. పట్నంలో డిగ్రీలు చదివిన మనకి ఇలాంటి అండ ఒక్కటైనా ఉందా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

పట్నంలోనూ అలాంటి సంఘం కట్టినవాళ్లు లేకపోలేదు. సంఘసేవకురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1937లో మద్రాసులో మొదలుపెట్టింది చిన్నపిల్లల ఆటపాటల సంఘమే. పిల్లలతోపాటు వాళ్ల తల్లులు చేరారు, చదువు ఆగిపోయిన ఆడవాళ్లు మెట్రిక్ పరీక్షకి తయారవడానికి వచ్చారు. అదే ఆంధ్ర మహిళా సభ అయింది, హైదరాబాదు దాకా వచ్చి ఆసుపత్రి, కాలేజీలు నడిపింది. 1993లో మొదలైన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ కూడా అలాంటిదే. విడివిడిగా తిరిగితే దొరకని స్థలం కలిసి అడిగితే దొరికింది, గాజులరామారంలో ఆడవాళ్ల పారిశ్రామిక వాడ వెలిసింది.

సరే, మన సంగతికొద్దాం. ఎన్నో ఏళ్ల కిందట తెగిపోయిన పరిచయాన్ని మళ్లీ ఎలా కలపాలి? మొహమాటం ఉంటుంది, నాకు తెలుసు. ఇన్నాళ్లూ పలకరించకుండా ఇప్పుడేం మొహం పెట్టుకుని అనిపిస్తుంది. కానీ మనల్ని ఎవరైనా అలా వెతుక్కుంటూ వస్తే మనం కోప్పడతామా? పొంగిపోతాం. అవతలివాళ్లూ అంతే. వాళ్లకి తెలిసిన మీ పేరుతో, ఎక్కడ కలిశారో గుర్తుచేస్తూ రెండు మాటలు రాయండి: "విజయగారూ, బ్యాంకులో మీ పక్క సెక్షన్‌లో పనిచేసిన లక్ష్మిని. లెడ్జరు సరిచూడటం మీరు నేర్పిన పద్ధతిలోనే ఇప్పటికీ చేస్తున్నాను. ఎలా ఉన్నారు?" అంతే చాలు. ఆ మొదటి పలకరింపులో ఏ సాయమూ అడగకండి. పొద్దున్నే పంపే పూలబొమ్మలు, శుభోదయాలు పలకరింపు కిందికి రావు. అవి వందమందికి ఒకేసారి వెళ్తాయని అందుకున్నవాళ్లకి తెలుసు.

అడగాల్సిన రోజు వచ్చినప్పుడు మాత్రం సిగ్గుపడకండి, సూటిగా అడగండి. "ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి" అంటే అవతలి మనిషికి ఎక్కడ చూడాలో తెలియదు. అది బరువు. "మీ ఆఫీసులో అకౌంట్స్ చూసేవారితో ఒక పది నిమిషాలు మాట్లాడించగలరా?" అంటే అయిదు నిమిషాల్లో తేలిపోయే పని. పని అయినా కాకపోయినా, తర్వాత ఏమైందో తప్పకుండా ఫోన్ చేసి చెప్పండి. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సాయం చేసినవాళ్లకి ముగింపు తెలియకపోతే, మరోసారి చేయబుద్ధి కాదు.

ఎవరి నంబరైనా ఇంకొకరికి ఇచ్చేముందు వాళ్లనొక మాట అడగండి. ఇక కొత్త పరిచయానికి ఇన్సూరెన్స్ పాలసీలు, గొలుసుకట్టు స్కీములు అంటగట్టకండి. వాటి వల్ల విడిపోయిన స్నేహాలు మీకూ తెలిసే ఉంటాయి. మంచి ఉద్యోగంలో ఉన్నవాళ్ల చుట్టూ అందరూ తిరుగుతారు. మీరు ఉద్యోగం పోయినవాళ్లకి, రిటైరైనవాళ్లకి, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి ఫోన్ చేయండి. ఆ ఫోన్‌ని జన్మలో మరిచిపోరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. కొన్ని ఇళ్లల్లో పాత కొలీగుతో, అందులోనూ మగ కొలీగుతో మాట్లాడితే, "ఎవరితో ఆ ఫోను?" అన్న ప్రశ్న వస్తుంది. పని గురించి మాట్లాడటంలో తప్పు లేదు, దాచాల్సిన అవసరమూ లేదు. ఆఫీసు వేళల్లో మాట్లాడండి, ఇంట్లో పేరుపెట్టి చెప్పండి, వీలైతే ఒకసారి కుటుంబాలు కలుసుకోండి. మీకు ఇబ్బందిగా అనిపించిన మనిషిని మాత్రం మర్యాద కోసం భరించకండి, నంబరు తీసేయండి. కానీ ఇంట్లో అనుమానానికి భయపడి మీ పరిచయాలన్నీ మీరే తుంచుకుంటే, రేపు అవసరం వచ్చిననాడు దిక్కులు చూడాల్సింది మీరే.

ఈ ఆదివారం మధ్యాహ్నం, వంటింటి పని తెమిలాక, మీ మనసులో ముందుగా మెదిలిన ఆ ఒక్క మనిషికి ఫోన్ చేయండి. నంబరు మారిపోయి ఉంటే, తెలిసినవాళ్లని అడిగి కనుక్కోండి.