గాలి వేడిమిని కొలుచు విధము: తీరప్రాంతపు దాళ్వా రైతులకు

దాళ్వా వరి పూతమీద నున్నప్పుడు గాలి వేడిమి 35 సెంటీగ్రేడు డిగ్రీలు దాటి ఒక గంట నిలిచినను పుప్పొడి చెడి తాలు హెచ్చును. వరి పువ్వు సాధారణముగా ఉదయము 9 గంటలు మొదలు మధ్యాహ్నము లోపల విచ్చి మూసికొనును. కావున ఆ రెండు మూడు గంటల వేడిమియే రైతునకు ముఖ్యము.

పంచలో గోడకు వ్రేలాడదీసిన ఉష్ణమాపకము గాలి వేడిమిని గాక గోడ వేడిమిని తెలుపును. ఎండలో నుంచినది తాను త్రాగిన ఎండను తెలుపును. ఆ అంకె ఎందుకును పనికిరాదు. 19వ శతాబ్దమున థామస్ స్టీవెన్‌సన్ అను స్కాట్లండు ఇంజనీరు కల్పించిన చెక్కపెట్టె ఇందులకు తగినది. దాని ప్రక్కలకు వాలుగా అమర్చిన రెక్కల సందులగుండ గాలి ఆడును గాని ఎండ చొరదు. దానికి తెల్లరంగు పూసి, తలుపు ఉత్తరమునకు ఉండునట్లు, ఇండ్లకును చెట్లకును దూరముగా, ఉష్ణమాపకపు గుండు నేలకు నాలుగడుగుల ఎత్తున నుండునట్లు నిలుపవలెను. ఊరి వడ్రంగి దీనిని చేయగలడు. రంగు మాసినచో మరల వేయింపవలెను.

ఇక సముద్రపుగాలి సంగతి. ఎండకు నేల త్వరగా కాగును, సముద్రము నెమ్మదిగా కాగును. నేలపై గాలి వేడెక్కి పైకి లేవగా సముద్రముమీది చల్లనిగాలి ఆ చోటికి వచ్చును. మచిలీపట్నము తీరమున ఇది పలుదినములు మధ్యాహ్నమునకు కొంచెము ముందువెనుకలుగా తగిలి వేడిమిని కొన్ని డిగ్రీలు తగ్గించును. అప్పుడు ఉక్కపోయుట చూచి వేడిమి పెరిగినదని కొందరు తలంతురు. పెరిగినది గాలిలోని తేమయే. లోపలి గ్రామములకు ఆ గాలి ఆలస్యముగా చేరును. విజయవాడకు వచ్చుసరికి దాని చలువ చాలవరకు పోవును.

అందుచేత తీరమున ఆనాటి మిక్కిలి వేడిమి తరచుగా మధ్యాహ్నమునకు ముందే, అనగా పువ్వు విచ్చిన వేళనే, కలుగును. రెండు గంటలకు ఒక్కమారు చూచి దినమంతయు చల్లగా నుండెనని వ్రాసికొనుట పొరపాటు. పూత దినములలో 9 గంటలు మొదలు 12 గంటల వరకు గంటకొకమారు చూచి, గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదియు వ్రాయవలెను. పట్టణపు కేంద్రమువారి అంకె మీ చేనికి సరిపోవునని నమ్మరాదు.

పడమటిగాలి బలముగా నున్ననాడు సముద్రపుగాలి ఆలస్యమగును, ఒక్కొక్కనాడు రానేరాదు. అట్టి దినములందు పూతమీది చేనిలో నీరు తీయరాదు. వేరున నీరున్న పైరు ఆకులద్వారా ఆవిరి విడిచి తన్ను తాను చల్లబరచుకొనును. ఎండిన చేను ఆ పని చేయజాలదు. పూత మార్చి నెలాఖరు ఎండలకు చిక్కకుండునట్లు నారు ముందుగా పోయుట ఇంతకంటెను మేలు. రెండు మూడేండ్ల లెక్క చేతనుండినచో, తన ఊరిలో ఏ వారమునుండి ఉదయము 11 గంటలకే 35 డిగ్రీలు దాటుచున్నదో చూచి, దానినిబట్టి నారు పోయు దినమును వెనుకకు లెక్కించుకొనవచ్చును.