గాజునేత పడవ

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తీరమున వెనుకటి తరము జాలరులు తేలిక దుంగలను త్రాళ్లతో కట్టి, ఆ తెప్పపై వేటకు పోయెడివారు. ఉప్పునీట నానిన దుంగ బరువెక్కును. ఒడ్డు చేరిన పిదప దానిని ఆరబెట్టవలసి యుండెను. నేడు కళింగపట్నము, భావనపాడు, ముక్కాము వంటి తావుల ఇసుకపై ఫైబరు పడవలు కనబడును. 1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమము వారు, కెరటములను దాటి ఇసుకపై దిగగల ఇట్టి పడవల నమూనాలను రూపొందించిరి.

ఈ పడవగోడకు ప్రాణము కర్ర కాదు, గుడ్డ! కరిగిన గాజును వెండ్రుకకంటె సన్నని పోగులుగా తీసి, పేనక జడలుగా చేర్చి, వస్త్రముగా నేయుదురు. ఆ వస్త్రము ఒంటిగా నిలువలేదు. దానిని అచ్చుపై పరచి, రెసిన్ అను జిగురును కుంచెతో పట్టించి, రోలరుతో అదిమి, పొరపై పొర వేయుదురు. జిగురు గట్టిపడి ఆకారము నిలుపును, గాజుపోగు బలమునిచ్చును.

ఇందు చిక్కంతయు జిగురు లోనికి పోవుటయందే యున్నది. పొందూరు ఖద్దరును వెలుతురునకు పట్టి చూడుడు. పోగునకు పోగునకు నడుమ సందులు కలవు. ప్రతి పోగులోను నూలుపీచుల నడుమ ఇంకను సన్నని సందులు కలవు. గాజువస్త్రమునందును ఇట్లే రెండు త్రోవలు. సన్నని త్రోవలో జిగురు, ప్రమిదలోని వత్తికి నూనె వలె, తనంత తానే ప్రాకును. వెడల్పు త్రోవలో ఒత్తిడి దానిని నెట్టును. వడిగా నెట్టినచో జిగురు జడల ప్రక్కగా పారిపోయి, వాని లోపలి గాలిని బంధించును. మిక్కిలి మెల్లగా పోయినచో జడలు ముందుగా తడిసి, గాలి వాని నడుమ చిక్కును.

పెద్ద కర్మాగారములలో వస్త్రమును పలుచని ప్లాస్టిక్కు పొరతో మూసి, లోని గాలిని పంపుతో తోడివేయుదురు. అప్పుడు బయటి గాలి చదరపు మీటరునకు సుమారు 10 టన్నుల బరువుతో అదుమగా, జిగురు లోనికి పారును. 1856లో హెన్రీ డార్సీ అను ఫ్రెంచి ఇంజనీరు ఇసుకలో నీటి పారుదలను గూర్చి చెప్పిన సూత్రమే దీనికిని వర్తించును. ఒత్తిడి పెరిగిన వేగము పెరుగును. ద్రవము చిక్కనైనను, దూరము పెరిగినను తగ్గును. ఒక మీటరు తడియుటకు 10 నిమిషములు పట్టినచో, రెండు మీటర్లకు 20 కాదు, 40 నిమిషములు! ఈలోపల జిగురు గడ్డకట్టిపోవచ్చును. అందుచేతనే పలుచోట్ల గొట్టములు పెట్టుదురు. కుంచెపనిలో జిగురు పోవలసినది గుడ్డ మందము మాత్రమే. కనుకనే చిన్న పాకలోను పడవ తయారగుచున్నది.

ఒక్క హెచ్చరిక. జిగురును గట్టిపరచు కెటలిస్టును, వేగపరచు కోబాల్టు ద్రవమును నేరుగా కలుపరాదు, ప్రేలును. ఒకదానిని జిగురులో బాగుగా కలిపిన తరువాతనే రెండవది పోయవలెను. వేసవి ఎండలో జిగురు త్వరగా బిగియును గనుక కొద్దికొద్దిగా కలుపుకొనుట మేలు.

తడియని గుడ్డ తెల్లని మచ్చగా కనబడును. రంగు వేసిన పిదప అదియు కనబడదు. అచ్చట నీరు చొచ్చి, పొరలు విడి, కెరటపు దెబ్బకు గోడ చీలవచ్చును; లోపలనున్న వారికి ఒడ్డు దూరము. కావున పడవను నాణెముతో అంగుళమంగుళము తట్టి చూచుట కలదు. మంచిచోట ఖణేలుమను, బోలుచోట మొద్దుగా పలుకును.